మొంబాసా నల్లయేనుగు

దూరదేశము పోయి వచ్చినవానిని చూడవచ్చు బంధుమిత్రులు మొదట కుశలప్రశ్నలు వేయుదురు. పిమ్మట వారి చూపు మెల్లగా సంచివైపు పోవును. ఈ అలవాటు ఎల్లచోట్లను కలదు. తిరుపతి పోయినవాడు లడ్డు తేవలెను. కాశికి పోయినవాడు గంగచెంబు తేవలెను. విజయవాడ పోయిన తండ్రి కొండపల్లి బొమ్మ తేకున్నచో ఇంటిలోని పసివాడు అలుక మానడు. తెచ్చిన వస్తువు ఎంత చిన్నదైనను "అంతదూరము పోయియు మిమ్ము మఱవలేదు" అను మాటను అది మోసికొని వచ్చును. అయితే ఆ వస్తువు ఎవరి చేతిలో రూపు దాల్చినది, ఏ చెట్టునుండి వచ్చినది, దానికిచ్చిన వెలలో ఎవరి పాలు ఎంత అను సంగతులు సాధారణముగా సంచితోపాటు రావు. ఆఫ్రికాఖండపు తూర్పుతీరమున ఒక బొమ్మను కొనిన తెలుగు ఉపాధ్యాయుడు మాత్రము ఆ సంగతులనుగూడ ఇంటికి మోసికొని రావలసి వచ్చినది.

ఆయన గోదావరీతీరమున ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదవ తరగతికి సాంఘికశాస్త్రము బోధించువాడు. ఆయన కుమార్తెయు అల్లుడును ఉద్యోగరీత్యా కెన్యాదేశములోని మొంబాసా నగరమున నివసించుచుండిరి. ఒక వేసవి సెలవులలో ఆయన వారిని చూడ బయలుదేరెను. సెలవులిచ్చుదినమున పిల్లలు ఆయన బల్లచుట్టును మూగి "మాస్టారూ, మాకు ఏమి తెచ్చెదరు?" అని అడిగిరి. తరగతిగదిలో ఒక అద్దాల బీరువా కలదు. అందు సముద్రపు గవ్వలు, పాతకాలపు కాసులు, రంగురంగుల గులకరాళ్లు పిల్లలు పోగుచేసి పెట్టుకొనియుండిరి. ఆయన ఆ బీరువావైపు చూచి "ఆఫ్రికా నల్లచేవకఱ్ఱతో చెక్కిన యేనుగును తెచ్చి అందు పెట్టెదను" అని మాట ఇచ్చెను. ఆ కఱ్ఱ ఇనుమువలె గట్టిదనియు, నీటిలో మునుగుననియు ఆయన ఎన్నడో చదివియుండెను.

మొంబాసా ఒక చిన్న ద్వీపముమీద వెలసిన ప్రాచీనమైన రేవుపట్టణము. అరబ్బులును, పారసీకులును, భారతీయులును ఋతుపవనములను నమ్ముకొని తెరచాప ఓడలలో శతాబ్దములనుండి అచ్చటికి వచ్చిపోవుచుండిరి. పోర్చుగీసువారు 1593లో కట్ట మొదలిడిన జీసస్ కోట నేటికిని సముద్రమును చూచుచు నిలిచియున్నది. 2011లో అది ప్రపంచ వారసత్వ కట్టడముల జాబితాలో చేరినది. 1896లో ఆ రేవునుండి విక్టోరియా సరస్సువైపు ఇనుపదారి వేయ నారంభించినప్పుడు వేలకొలది భారతీయ శ్రామికులు ఆ పనికి పోయిరి. అందుచే ఆ నగరపు వీథులలో నడచు మనవానికి అన్నియు క్రొత్తగా తోచవు. అచ్చటి స్వాహిలీ భాషలో అంగడిని "దుకా" అందురు. తేనీటిని "చాయ్" అందురు. చపాతీని చపాతీయే అందురు.

ఉపాధ్యాయుడు అచ్చట పదునైదు దినములుండెను. తిరుగు ప్రయాణమునకు నాలుగు దినములు ముందుగా కుమార్తె ఆయనను అంగళ్లకు తీసికొని పోయెను. మొదట వారు బియాషరా వీథికి పోయిరి. బియాషరా అనగా వర్తకము. ఆ వీథిలో ఇరువైపులను గుడ్డల దుకాణములే. గుమ్మములయందు, చూరులయందు రంగురంగుల కంగావస్త్రములు వ్రేలాడుచుండెను. కంగా తూర్పు ఆఫ్రికా స్త్రీల నిత్యవస్త్రము. ఒకే అచ్చుగల రెండు గుడ్డలు ఒకే తానుగా వచ్చును. కొనినవారు వానిని కత్తిరించి, అంచులు కుట్టుకొని, ఒకటి నడుమునకును ఒకటి భుజములమీదను కప్పుకొందురు. బిడ్డను వీపున కట్టుకొనుటకును, పెండ్లిలో కానుక నిచ్చుటకును, చావునకు పోవునప్పుడు కప్పుకొనుటకును అదియే. గినీకోడిని స్వాహిలీలో "కంగా" అందురు. తొలినాటి వస్త్రములమీది చుక్కలు ఆ కోడి యీకల చుక్కలవలె నుండుటచే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు.

ఆ వస్త్రమునందు మఱియొక విశేషము కలదు. నాలుగువైపుల అంచు, నడుమ చిత్రము, చిత్రమునకు దిగువ ఒక వాక్యము ఉండును. ఆ వాక్యమును "జినా", అనగా పేరు, అని పిలుతురు. అది సామెత కావచ్చును, దీవెన కావచ్చును, ఇరుగుపొరుగు వారిపై విసరిన చిన్న ఎత్తిపొడుపును కావచ్చును. నోట చెప్పరాని మాటను స్త్రీలు వస్త్రముచేత చెప్పింతురు. అందుచే కంగాను కొనువారు రంగుకంటె ముందు వాక్యమును చదువుదురు. ఉపాధ్యాయుడు తన భార్యకొఱకు ఎఱ్ఱని అంచుగల తెల్లని కంగాను ఎన్నుకొనెను. దానిమీద "హరక హరక హైన బరక" అని యుండెను. కుమార్తె నవ్వుచు, "తొందరపాటులో దీవెన లేదని దీని యర్థము, నాన్నగారూ" అనెను. "మన పెద్దలు నిదానమే ప్రధానమనలేదా? సముద్రమునకు ఆవలను అదే మాట" అని ఆయన సంతోషించెను. ఆ దుకాణమున వెల ఒక్కటే, బేరము లేదు. ఆయన పైకమిచ్చి, కంగాను మడిచి తన బట్టసంచిలో పెట్టుకొనెను.

అచ్చటినుండి వారు కోటవైపు నడచిరి. త్రోవప్రక్క బొమ్మలమ్ము బల్లలు వరుసగా నుండెను. ఒకదానిమీద కిత్తనారతో అల్లిన బుట్టలుండెను. కెన్యాలో కంబా, కికుయు జాతుల స్త్రీలు వీనిని అల్లుదురు. దీనికి కియొండో అని పేరు. మఱియొకదానిమీద నునుపైన రాతిగిన్నెలుండెను. ఉపాధ్యాయుడు ఒకదానిని చేతబట్టి గోటితో గీచి చూచి, "ఇది మన బలపపు రాయి!" అనెను. అది నిజమే. కెన్యాకు పశ్చిమమున కిసీ ప్రాంతములో తబాకా అను ఊరియొద్ద ఆ రాతిని త్రవ్వి, తడిపి, కత్తితో చెక్కి, నునుపు చేసి, రంగులద్ది దేశమంతటికిని పంపుదురు.

మూడవ బల్లమీద కఱ్ఱబొమ్మలుండెను: పొడుగు మెడల జిరాఫీలు, బల్లెములు పట్టిన మసాయి వీరులు, ఖడ్గమృగములు, సింహములు. బల్లవాడు యువకుడు. "కరిబు, మ్జే" అని చేయి చాచి పిలిచెను. కరిబు అనగా దయచేయుడని యర్థము. వయస్సు మీఱినవారిని గౌరవముతో మ్జే అందురు. ఉపాధ్యాయుడు ఏనుగు కావలెనని సైగ చేసెను. యువకుడు జేనెడు పొడవుగల గోధుమవన్నె యేనుగునొకదానిని ఆయన చేతిలో పెట్టెను. పని చక్కగా నుండెను. చెవి మడతలు, తొండపు గీతలు సజీవముగా నుండెను. కాని ఆయన దానిని బల్లమీద పెట్టి, "ఇది కాదు, నల్లచేవకఱ్ఱది కావలెను. లేదా?" అని కుమార్తెచేత అడిగించెను.

యువకుడు ఒక క్షణము ఊరకుండెను. పిమ్మట వంగి, బల్లక్రింది పెట్టెలోనుండి నిగనిగలాడు నల్లని యేనుగును పైకి తీసెను. వెల నాలుగు వేల షిల్లింగులనెను. ఉపాధ్యాయుడు ఐదువందలనెను. యువకుడు తలపై చేయి పెట్టుకొని మూడు వేలనెను. ఉపాధ్యాయుడు ఆఱువందలని, సంచి భుజమున వేసికొని నాలుగడుగులు వేసెను. సంతలో వంకాయలు బేరమాడునప్పుడు మనవారు చూపు చమత్కారమంతయు ఆయన అచ్చట చూపెను. మూడుమాఱులు పోయి మూడుమాఱులు తిరిగి వచ్చెను. తుదకు తొమ్మిదివందలకు బేరము కుదిరెను. కెన్యాలో 2017నుండి ప్లాస్టిక్ చేతిసంచులను నిషేధించిరి గనుక యువకుడు బొమ్మను పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చెను. ఆయన దానిని కంగాతోపాటు అదే సంచిలో వేసికొనెను. ఇంటికి పోవుదారి పొడవునను నాలుగు వేల వస్తువు తొమ్మిదివందలకు వచ్చిన కథను కుమార్తెకు రెండుమాఱులు చెప్పెను. ఆమెయు అచ్చటనే యుండి చూచినదని ఆయనకు తోచలేదు.

మొంబాసాలో గాలి వెచ్చగను చెమ్మగను ఉండును. సాయంకాలము సంచి విప్పునప్పటికి వార్తాపత్రిక చిరిగియుండెను. తెల్లని కంగామీద, ఎఱ్ఱని అంచుప్రక్క, అరచేతి వెడల్పున నల్లని మరక పడియుండెను. ఉపాధ్యాయుని వ్రేళ్లును నల్లబడెను. కుమార్తె మరకను వాసన చూచి, తండ్రి ముఖమువైపు చూడక, "నాన్నగారూ, ఇది చెప్పులకు పూయు రంగు" అని మెల్లగా చెప్పెను. సబ్బుతో రెండుమాఱులు ఉతికినను మరక పోలేదు.

ఆయనకు కోపమువచ్చెను. అంతకంటె సిగ్గువేసెను. నలువదియేండ్ల వయస్సువారికి పాఠములు చెప్పినను నష్టము లేదు గాని, పదుమూడేండ్ల పిల్లలముందు ఏ ముఖముతో నిలువవలెను? చెప్పులరంగు పూసిన బొమ్మను నల్లచేవయని బీరువాలో పెట్టుట అబద్ధము. పెట్టకుండుట మాట తప్పుట. "రేపు ప్రొద్దుననే పోయి వానిని నిలదీసెదను" అని ఆయన అనెను. అల్లుడు శాంతస్వభావుడు. "మామయ్యగారూ, నిలదీయుటకు ముందు, ఈ బొమ్మలు పుట్టుచోటిని ఒకసారి చూడుడు. దారి దూరము లేదు" అనెను.

మఱునాడు వారు మకూపావద్ద ద్వీపమునుండి ప్రధానభూమికి దాటి, విమానాశ్రయమునకు పోవు మార్గమున చంగామ్వే అను చోటికి పోయిరి. అచ్చట కంబాజాతి శిల్పుల సహకారసంఘము కలదు. అది 1963లో, కెన్యా స్వతంత్రమైన సంవత్సరముననే, ఏర్పడినది. వరుసలుగా పాకలు; ప్రతి పాకలోను నేలమీద కూర్చుండి పనిచేయు మనుష్యులు; వారి మోకాళ్లవఱకు చెక్కపేళ్లు. ఒకడు దుంగను ఱంపముతో కోయుచుండెను. ఒకడు బాడిసతో చెక్కి దానికి మృగరూపము తెచ్చుచుండెను. ఒకడు కత్తితో కన్నులు, గిట్టలు తీర్చుచుండెను. గరుకు కాగితముతో రుద్ది నునుపు చేయువారు వేఱు. మైనము పూసి మెఱుగు పెట్టువారు వేఱు. ఒక మూల తలలేని జిరాఫీలు, మఱియొక మూల చెవులులేని ఏనుగులు తమ వంతుకై వేచియుండెను.

కంబావారి దేశము సముద్రతీరము కాదు; లోపలిభాగమున మచాకోస్, కిటుయి ప్రాంతములు వారి పుట్టినిల్లు. పీటలు, గిన్నెలు, చేతికఱ్ఱలు చెక్కుట వారికి మొదటినుండియు తెలిసినదే. విక్రయార్థమై మనుష్యుల బొమ్మలు, మృగముల బొమ్మలు చెక్కుట మాత్రము మొదటి ప్రపంచయుద్ధము తరువాత వచ్చినది. వామున్యు అను ఊరికి చెందిన ముటిస్యా ముంగే అను శిల్పి యుద్ధకాలమున నేటి టాంజానియా ప్రాంతమునకు పోయి, అచ్చటి శిల్పుల పనితనమును చూచి నేర్చుకొని, ఊరికి తిరిగివచ్చి తనవారికి నేర్పెనని ప్రసిద్ధి. ఒక్కని చేతినుండి ఊరికి, ఊరినుండి జాతికి పాకిన ఆ విద్య ఆ తరువాత కొన్ని వేల కుటుంబములకు అన్నము పెట్టినది.

ఒక పాకలో నెరసిన తలగల శిల్పి యొకడు ఏనుగును చెక్కుచుండెను. కుమార్తె స్వాహిలీలో తన తండ్రి ఉపాధ్యాయుడని చెప్పగానే అతడు పని ఆపి "మ్వాలిము!" అని నమస్కరించినట్లు తల వంచెను. మ్వాలిము అనగా ఉపాధ్యాయుడు. ఆ మాటతో ఉపాధ్యాయుని కోపము కొంత చల్లారెను. ఆయన సంచిలోనుండి నల్లయేనుగును తీసి ముదుసలి చేతిలో పెట్టెను. ముదుసలి దానిని అటునిటు త్రిప్పి చూడలేదు. బరువు మాత్రము చూచెను, వెంటనే నవ్వెను. పిమ్మట కత్తిమొనతో ఏనుగు పాదముక్రింద కొంచెము గీచెను. నల్లని పొరక్రింద ఎఱుపుడాలు గల గోధుమవన్నె కనబడెను. ఆ పొడిని వాసన చూచి "మ్వారోబైని" అనెను.

కుమార్తె ఆశ్చర్యముతో తండ్రివైపు తిరిగి, "నాన్నగారూ, ఇది వేపకఱ్ఱ!" అనెను.

స్వాహిలీలో "అరోబైని" అనగా నలువది. నలువది రోగములను మాన్పు చెట్టు గనుక వేపకు మ్వారోబైని అని పేరు పెట్టిరి. మన దేశములో పుట్టిన ఆ చెట్టు హిందూమహాసముద్రమును దాటి, ఆ తీరమున ఇంటింటి ముంగిటను, పొలముగట్లమీదను తనంతట తాను పెరుగుచున్నది. ఉపాధ్యాయుడు కొంతసేపు మాటాడలేదు. ఆయన పాఠశాల ఆవరణలోని పెద్దచెట్టు వేపయే. దాని నీడననే పిల్లలు మధ్యాహ్నము అన్నము తినుచుందురు. ఆయన సముద్రము దాటి పోయి, తన పెరటిచెట్టు బొమ్మను నల్లరంగు పూసి కొనితెచ్చుకొనెను!

"నిజమైన నల్లచేవ ఏది?" అని ఆయన అడుగగా, ముదుసలి లోపలినుండి పిడికెడంత తుండు నొకదానిని తెచ్చి చూపెను. అది మ్పింగో చెట్టు కఱ్ఱ. మన ఇరుగుడు చెట్టు జాతియే అది. దాని చేవ నల్లగ నుండును. చేవచుట్టును లేతపసుపు పొర యుండును. రంగు చేతికంటదు, నీటిలో వేసిన మునుగును. క్లారినెట్ వంటి పాశ్చాత్యవాద్యములను చేయువారు దానినే కోరుదురు. అయితే అది మిక్కిలి మెల్లగా పెరుగును. కోతకు తగినంత చేవ పట్టుటకు డెబ్బది మొదలు నూఱు సంవత్సరములు పట్టును. తాత నాటినది మనుమడు కొట్టవలెను. కాని నాటినవారు తక్కువ, కొట్టినవారు ఎక్కువ. శిల్పులు మిక్కిలి మక్కువతో వాడిన ముహుగు అను మఱియొక చెట్టు గతియు అట్లే అయినది. మొంబాసాకు ఉత్తరమున నున్న అరబుకో-సొకొకే అడవిలో ఆ చెట్లను బొమ్మలకొఱకు విశేషముగా కొట్టిరి. 2017లో మ్పింగోతోసహా ఆ జాతి చెట్లన్నింటి అంతర్జాతీయ వర్తకముపై ప్రపంచదేశములు నియమములను విధించినవి.

అడవి తఱిగిపోయినచో ఉలి పట్టినవాని బ్రతుకేమి కావలెను? ఈ ప్రశ్నకు సమాధానముగా ఇరువదవ శతాబ్దము తుదిభాగమునుండి శాస్త్రజ్ఞులును, అటవీసంరక్షకులును, సహకారసంఘములును శిల్పులను వేప, మామిడి, జకరండా వంటి త్వరగా పెరుగు చెట్లవైపు మరలించుటకు పూనుకొనిరి. అది సులభము కాలేదు. వేపకఱ్ఱను పచ్చిదిగా చెక్కినచో పిమ్మట అది బీటలువాఱును. నీడను చాలదినములు ఆరబెట్టవలెను. అన్నింటికంటె పెద్ద చిక్కు వేఱొకటి కలదు. దానిని ముదుసలి నవ్వుచునే చెప్పెను. "మ్వాలిము, వేప చక్కని కఱ్ఱ. పురుగు పట్టదు. నాకు దానిమీద కోపము లేదు. కాని వచ్చువారందఱును నల్లచేవ యున్నదా అని అడుగుదురు. వేప యని చెప్పినచో క్రింద పెట్టి పోవుదురు."

ఈ మాట వినగానే ఉపాధ్యాయునికి నిన్నటి బల్ల కన్నులకు కట్టెను. యువకుడు మొదట చూపినది గోధుమవన్నె యేనుగు. దానికి రంగు లేదు, అబద్ధము లేదు. దానిని క్రింద పెట్టి, నల్లది కావలెనని అడిగినవాడు తానే.

ఆయన ఏనుగు నొకదానిని చెక్కుటకు ఎంతకాలము పట్టునని అడిగెను. జేనెడు యేనుగునకు దుంగ కోత మొదలు మెఱుగువఱకు రెండు దినముల పని యని ముదుసలి చెప్పెను. సంఘపు విక్రయశాలలో ప్రతి బొమ్మకు ఒక చీటీ యుండెను. దానిమీద వెలయు, చెక్కినవాని సంఖ్యయు వ్రాసియుండెను. బొమ్మ అమ్ముడుపోయినప్పుడు సంఘము తన ఖర్చులకు కొంత యుంచుకొని, మిగిలినది ఆ సంఖ్యగలవానికి ఇచ్చును. అచ్చట జేనెడు వేపయేనుగు వెల రెండు వేల రెండువందల షిల్లింగులు. ఉపాధ్యాయుడు మనస్సులో లెక్కవేసెను. తానిచ్చిన తొమ్మిదివందలలో బల్లవాని లాభము, దుంగ వెల, రంగు వెల పోగా చెక్కినవాని రెండు దినములకు మిగిలినదెంత? నిన్న దారి పొడవునను చెప్పుకొని మురిసిన బేరము ఇప్పుడు వేఱువిధముగా కనబడెను. నూఱేండ్ల చెట్టును, రెండు దినముల పనిని తొమ్మిదివందలకు అడిగినవానికి నిజమైన నల్లచేవ ఎట్లు లభించును?

ఆయన ముదుసలిచేత ఏనుగు నల్లరంగును గీయించెను. ఆ పనికి ఒక జాముకాలము పట్టెను. వెన్నును, ప్రక్కలును వేపవన్నెకు తిరిగెను. చెవుల మడతలలోను తొండపు గీతలలోను మాత్రము నలుపు నిలిచిపోయెను. పూర్తిగా తీయవలెనన్నచో చెక్కిన గీతలు చెడునని ముదుసలి చెప్పెను. ఆయన కూలి యెంతయని అడిగి, అడిగినంతయు ఇచ్చెను. ఇంటివారికొఱకు వేపకఱ్ఱ గరిటెలను, చిన్న గిన్నెలను చీటీలమీది వెలకే కొనెను.

తిరిగి వచ్చుచు ఆయన కోటవద్ద దిగెను. యువకుడు ఆయనను గుర్తుపట్టి ముఖము దించుకొనెను. ఉపాధ్యాయుడు రంగు పోయిన ఏనుగును బల్లమీద పెట్టి, "అబద్ధము ఏల చెప్పితివి, నాయనా?" అని అడిగించెను. యువకుడు కొంచెము తడవు ఆగి, "తప్పే, మ్జే. కాని నేను మొదట వేపదానినే మీ చేతిలో పెట్టితిని" అనెను. ఉపాధ్యాయుడు ఆ మాటకు బదులు చెప్పలేదు. కొంతసేపటికి "ఆ యేనుగు ఉన్నదా?" అని అడిగెను. అది ఉదయముననే అమ్ముడుపోయినది. ఎవరో దానిని నలుపు కావలెనని అడుగకయే తీసికొని పోయిరి.

కొనువాని ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని అది బల్లవాని చెవితో ఆగక, శిల్పి పాకకును, అచ్చటినుండి అడవికిని పోవును. ఏనుగుదంతపు కథయే ఇందుకు నిదర్శనము. ఒకప్పుడు దంతపు గాజులు, బొమ్మలు, పియానో మెట్లు కొనువారు ప్రపంచమంతటను ఉండిరి. ఆఫ్రికాలో ఏనుగులు లక్షలకొలది కూలెను. 1989 జూలైలో కెన్యా అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ నైరోబీలో 12 టన్నుల దంతములకు బహిరంగముగా నిప్పు పెట్టెను. అదే సంవత్సరము అక్టోబరులో ప్రపంచదేశములు ఏనుగుదంతపు అంతర్జాతీయ వర్తకమును నిషేధించుటకు తీర్మానించినవి. పెక్కుదేశములలో దంతము కొనుట సిగ్గుపడవలసిన పనియయ్యెను, వేట తగ్గెను. కొంతకాలమునకు వేఱుచోట్ల కొనువారు పెరుగగా వేట మరల పెరిగెను. 2016 ఏప్రిల్‌లో కెన్యా 105 టన్నుల దంతములను మరల కాల్చివేసెను. తుపాకి పట్టినవాడు అడవిలోనుండును. వానిని పంపినది అంగడిలో వెల అడిగినవాని కోరిక. మన కొండపల్లిలో బొమ్మలు చెక్కు తెల్లపొణికి కఱ్ఱయు ఇప్పుడు దొరకుట కష్టమగుచున్నది. బొమ్మను ముద్దాడువారు చెట్టును తలచుకొనవలసిన దినములు ఇచ్చటను వచ్చినవి.

సెలవులు ముగిసెను. బడి తెఱచిన మొదటిదినమున పిల్లలు బీరువాచుట్టును మూగిరి. ఉపాధ్యాయుడు ఏనుగును బల్లమీద పెట్టెను. "మాస్టారూ, నల్లచేవ యంటిరే!" అని వెనుకబల్లనుండి ఒక పిల్ల అడిగెను. ఆయన జరిగినదంతయు చెప్పెను. తాను మోసపోయిన సంగతియు చెప్పెను. తాను మూడుమాఱులు పోయి మూడుమాఱులు తిరిగి వచ్చి వెల తగ్గించిన సంగతియు దాచలేదు. పిల్లలు మొదట నవ్విరి, పిమ్మట నవ్వలేదు. మరకపడిన కంగాను ఆయన భార్య బడికి పంపలేదు; ఆమె దానిని కత్తిరించి అంచులు కుట్టి, మరక లోపలివైపునకు వచ్చునట్లు కప్పుకొనుచుండెను.

పిల్లలు ఏనుగును ఒకరి చేతినుండి ఒకరు అందుకొని వాసన చూచిరి. కిటికీ వెలుపలి చెట్టు పుల్లను విఱిచి తెచ్చి దాని వాసనను, దీని వాసనను పోల్చి చూచిరి. పిమ్మట అందఱును ఆలోచించి ఒక చీటీ వ్రాసి ఏనుగు పాదములయొద్ద అంటించిరి: "ఏనుగు. వేపకఱ్ఱ. మొంబాసా నగరము. చెక్కినవారు కంబాశిల్పి, పేరు తెలియదు. రెండు దినముల పని." వెల వ్రాయవలెనా వద్దా అని వారిలో వాదము పుట్టెను. తొమ్మిదివందలు వ్రాయుడని కొందఱు, రెండు వేల రెండువందలు వ్రాయుడని కొందఱు పట్టుపట్టిరి. ఎటును తేలక, ఆ పంక్తిని ఖాళీగా విడిచిపెట్టిరి. ఏనుగు నేటికిని ఆ బీరువాలో నున్నది. చెవుల మడతలలో కొంచెము నలుపు ఇంకను మిగిలియున్నది.